317 నంబరు ఇనుప బిళ్ల

హైటెక్ సిటీ, మంగళవారం

గంగాధరం గారికి నమస్కారం.

ఇది ఫోనులో చెప్పే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

చందానగర్ పాత సామాన్ల దుకాణంలో నిజాం కాలపు నూలు మిల్లు కార్మికుల నంబర్లు కొట్టిన హాజరు బిళ్లలు రెండు కనిపించాయి. ఇనుపవి తుప్పుపట్టి పోతాయి కనుక అలాంటివి దొరకడమే అరుదు. దుకాణం యాకూబ్ "మనిషికి ఒక్కటే ఇస్తనమ్మా, ఏది గావాల్నో జెప్పు" అన్నాడు. అక్కడి నుంచే మీకు ఫొటోలు పంపి ఫోను చేశాను. ఒకదాని మీద ఆ మిల్లులో పనిచేసిన మా తాత నంబరు 317 ఉందని, అదే తీసుకోవాలని ఉందని చెప్పాను. ఆయన పేరు కూడా చెప్పాను.

"అది ఈమధ్య పోతపోసిన నకిలీ తల్లీ, రెండోది తీసుకో" అన్నారు. సేకరణ నేర్పిన గురువు మాట కదా, విన్నాను.

ఆదివారం కూకట్‌పల్లి ప్రదర్శనలో 317 మీ అద్దాల పెట్టెలో ఉంది. నిన్న యాకూబ్‌ను అడిగితే "నువ్వు పోయిన గంటకే మీ సార్ వచ్చి తీస్కపోయిండు" అన్నాడు.

బిళ్ల ఇవ్వమని అడగను. మీ చేతి నుంచి ఇక ఏదీ తీసుకోలేను. కానీ దాని పక్కన అట్ట మీద "కార్మికుడి పేరు తెలియదు" అని రాశారు. మీకు తెలుసు సార్.

ఆయన పేరు సింగారపు ఓదెలు. అది రాయండి, చాలు.

ఇట్లు,
నిన్నటిదాకా మీ శిష్యురాలు