ఐదు రోజులు ఆపితే చాలు

ఫిబ్రవరి 9
అన్నయ్యకి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. మా క్యాథ్ ల్యాబ్‌లోనే, నా చేతుల మీదుగానే. పదకొండేళ్లుగా ఇక్కడ టెక్నీషియన్‌ని. డాక్టరుగారు సైజు చెబితే బాక్సు తీసి, లేబుల్ పైకి చదివి, ప్యాకెట్ విప్పి అందించడం నా పని. ఈరోజు చదవబోతే అంకెలు తడబడ్డాయి. ఇంకోసారి చదవమన్నారు.
రక్తనాళంలోకి రంగుమందు, అదే డై, వేయగానే స్క్రీన్ మీద నల్లటి గీత అడ్డు లేకుండా కిందిదాకా పారింది. హమ్మయ్య అనుకున్నాను.

ఫిబ్రవరి 11
డిశ్చార్జి. టైలరు కదా, అన్నయ్య కొలతలే పట్టుకున్నాడు. స్టెంట్ మూడు మిల్లీమీటర్లని ఎవరు కొలిచారని, కాస్త వదులు ఉంచారా లేదా అని, తడిస్తే ముడుచుకుంటుందేమో అని. వార్డంతా ఒకటే నవ్వులు.
రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు. ఏడాది పాటు ఒక్క పూట కూడా మానకూడదు. రోజూ అందరికీ చెప్పే మాటే, వాడికీ చెప్పాను. బుద్ధిగా తలూపాడు.

మార్చి 2
షాపు తెరిచాడట. మాత్రలు టంచనుగా తనే చేతికిస్తున్నానని వదిన చెప్పింది.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం
ఊపిరాడని పని. రెండు కేసుల మధ్య, ఎక్స్‌రే తగలకుండా వేసుకునే లెడ్ ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉండగా అన్నయ్య ఫోన్. వదిన పుట్టింటికి వెళ్లిందట. పన్ను పీకించుకోవాలట. మాత్రల సంగతి గుండె డాక్టర్ని కనుక్కు రమ్మన్నాడట పళ్ల డాక్టరు. నువ్వుండగా ఇంకెవర్ని అడగాలే అన్నాడు. గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. రెండూ ఐదు రోజులు ఆపితే చాలన్నాను.

ఏప్రిల్ 11
పన్ను పీకారట. రక్తం పెద్దగా రాలేదని మురిసిపోయాడు. మాత్రలు రేపట్నుంచి మళ్లీ మొదలెడతాడట.

ఏప్రిల్ 12
రాయలేను.

ఏప్రిల్ 13
అన్నయ్య పోయాడు. నిన్న పొద్దున బట్ట కత్తిరిస్తూ టేబుల్ దగ్గరే కూలిపోయాడు. మా ల్యాబ్‌కే తెచ్చారు. డై వేస్తే స్టెంట్ దగ్గరికొచ్చి ఆగిపోయింది. లోపలంతా గడ్డ. మాత్రలు మానేశాడా అని డాక్టరుగారు నన్నే అడిగారు. తెలీదన్నాను.
తెలీదన్నాను!

ఏప్రిల్ 15
ఆ ఐదు రోజుల లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. పెద్ద ఆపరేషన్లకి వెళ్లేవాళ్లకి డాక్టర్లు చెప్పడం వినీ వినీ నోటికొచ్చేసింది. వాళ్లు ముందు స్టెంట్ ఎప్పుడు వేశారో చూస్తారు. అన్నయ్యకి రెండు నెలలైనా నిండలేదు. పన్నుకైతే ఆపనే అక్కర్లేదు, దూది పెట్టి గట్టిగా నొక్కి ఉంచితే సరిపోయేది. ఒక్క నిమిషం ఆగి డాక్టరుగారిని అడిగినా చెప్పేవారు. పక్క గదిలోనే ఉన్నారు.

ఏప్రిల్ 24
వాడని మాత్రలు పది దొరికాయట వదినకి. నేను పుట్టింటికి వెళ్లకపోతే బతికుండేవాడు, చేజేతులా పోగొట్టుకున్నాను అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఏడుస్తోంది. నువ్వు మాత్రం చెయ్యగలిగిందంతా చేశావని నా చెయ్యి పట్టుకుంది. ఊరుకో వదినా అన్నాను. అంతే. ఛీ, నా బతుకు.

మే 3, సాయంత్రం నాలుగున్నర
చెప్పేశాను. ఎదురుగా నిలబడే ధైర్యం లేక ఫోన్లో. వదిన తిట్టలేదు. ఏడవలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. గంట దాటింది. ఇది రాస్తుంటే ఇంకా అటునుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది.