వేదికకు వీపు తిప్పిన ఆవిడ

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, డెట్రాయిట్ మ్యూజియంలో జపాన్ కబుకి నాటకాల బొమ్మలు చూసొచ్చాను. చెక్క మీద చెక్కి, కాగితం మీద అచ్చు వేసినవి. అక్కడ కూడా ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారట. నువ్వుంటే ఆ పట్టు కిమోనోల ముందు నుంచి కదిలేవాడివి కాదు.

ఒక బొమ్మ నిండా ప్రేక్షకులే. తింటున్నారు, కబుర్లాడుకుంటున్నారు. ఒకావిడ వేదికకు వీపు తిప్పి టీ పోస్తోంది.

"అమ్మా, ప్లే చూడకపోతే ఆ లేడీ ఎందుకు వచ్చింది?" అంది మా అమ్మాయి.

నాకు తెలుసు. మన దీపావళి ఫంక్షన్‌లో నువ్వు ఆడవేషం కట్టిన ప్రతి ఏడూ, హాల్ వెనక పులిహోర వడ్డించే పని నేనే అడిగి తీసుకునేదాన్ని. నువ్వు చీరలో వయ్యారంగా నడుస్తుంటే చూడడానికి నాకు సిగ్గు.

ఇంటికొస్తూ కార్‌లో "ఎలా చేశానే?" అనేవాడివి. "సూపర్" అనేదాన్ని. ఆఖరిసారి మాత్రం "ఏ సీన్ నచ్చింది?" అని అడిగావు. "జడ విసిరి అలిగే సీన్" అన్నాను. నువ్వు రేడియో సౌండ్ పెంచావు.

నీ పదకొండో రోజున, ఏటా నీకు వేషం వేసే మేకప్ అంకుల్ చెప్పాడు. "ఆఖరిసారి సవరం ఊడిపోయింది కదమ్మా, జడ సీనే ఎత్తేశాం."

ఇవాళ మ్యూజియం మూసేదాకా ఆ బొమ్మ ముందే నిలబడ్డాను. ఆవిడ టీ పోస్తూనే ఉంది.