పెద్ద ఎంసీబీ, సన్న వైరు

మే నెల, బుధవారం రాత్రి. తార్నాక.

ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ రాస్తున్నాను. ఏసీ, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్క సన్న వైరు మీదే ఉన్నాయి. అందుకే కింద మీటరు దగ్గర ఎంసీబీ స్విచ్చు పడిపోయి కరెంటు పోతోందని, ఏసీకి వేరే లావు వైరు లాగించమని ఓనర్ యాదగిరి దగ్గర ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఈరోజు క్యాంపస్ నుంచి వచ్చేసరికి ఆ మహానుభావుడు వైరు ముట్టుకోకుండా ఎంసీబీ ఒక్కటే పెద్దది వేయించాడు.

"ఇగ పడదు మేడం. బేఫికర్ ఉండుండ్రి," అన్నాడు.

పడదు. వైరే కాలుతుంది. ఎంసీబీ ఉన్నది కరెంటు ఎక్కువైతే ఆపేసి వైరును కాపాడ్డానికని పొద్దున్నే ఇంజనీరింగ్ పిల్లలకు పాఠం చెప్పి వచ్చాను. పైకొచ్చి ప్లగ్గు దగ్గర గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. మా ఆయనేమో, "ఓనర్‌తో గొడవెందుకు, ఊరుకో" అంటాడు. ఈయన మంచితనం తగలెయ్య!

మళ్లీ కిందికి దిగి గోడ కాలుతోందని చెప్తే యాదగిరి నవ్వాడు. "ఎండలకు గోడలు కాలయా మేడం? ఏం గాదు."

ఆ వైరు ఆయన పడగ్గదిలోంచే, మంచం తలవైపు గోడలోంచే మీటరుకు దిగుతుంది. ఆ సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. రేపు పొద్దున వాళ్లావిడ ముందే చెప్తాను. అప్పుడూ ఏం గాదంటాడేమో చూస్తాను.