ఎడమ డోర్ మీది మచ్చలు

ఆదివారం, రాత్రి

నా భార్య సుజాత పోయిన రోజు పొద్దున నేను లారీ కడుగుతున్నాను. మా ఊరు ఇంద్రేశంలో బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఎండకు ఆరితే పెయింట్ మీద తెల్ల మచ్చలు పడతాయి. అందుకే చివర్లో ఫిల్టర్ నీళ్లు పోసి, ఆరకముందే పాత నూలు చీరతో తుడవాలి. అది సుజాత నేర్పిన పద్ధతే.

కుడివైపు తుడుస్తుంటే గడపలోంచి పిలిచింది.

"జెర లోపలికి రా. ఛాతిల బరువుగ ఉంది."

"తుడవకుంటే మచ్చలు పడతయి. పది నిమిషాలాగు."

"నాకంటె బండే ఎక్కువాయె నీకు," అని నవ్వి లోపలికి పోయింది.

బానెట్ కూడా తుడిచి ఎడమ డోర్ దగ్గరికి వచ్చేసరికి లోపల గ్లాసు పడిన చప్పుడైంది. చీర వదిలేసి పరిగెత్తాను. ఆస్పత్రిలో ఆలస్యమైందన్నారు. ఎంత ఆలస్యమని నేను అడగలేదు.

ఆ డోర్ ఆ రోజు దానంతటదే ఆరింది. మచ్చలు అట్లాగే ఉంచాను.

ఇవాళ మా అమ్మాయి లావణ్య వాటిని గోటితో గీకి చూసింది.

"బండంత అద్దమోలె ఉంచుతవు నాన్న. గీ ఒక్క డోర్ ఎందుకిడిసిపెట్టినవ్? వెనిగర్ రాస్తే పోతయి కదా."

వాళ్లమ్మ పిలిచిన సంగతి దానికి తెలియదు. చెప్పబోయి, టీ పెట్టమన్నాను.

రేపు పొద్దున ఎండ రాకముందే ఆ డోర్‌కు వెనిగర్ రాస్తాను. తుడవడానికి లావణ్యను పిలిచి, ఆ పది నిమిషాల సంగతి చెబుతాను. అది బట్ట కింద పెట్టి లోపలికి వెళ్లిపోతే, మిగతాది నేనే తుడుస్తాను.