అమ్మ బైబిల్లో నా వయసు

లూడెల్లా అక్కా,

నల్లవాళ్లను ఇన్నాళ్లకు చేర్చుకుంటున్న పెద్ద బేస్‌బాల్ జట్టు మనిషి ఒకడు నా ఆట చూశాడు. వయసడిగితే ముప్పై అన్నాను. మా నల్లవాళ్ల జట్టులో నాతో ఆడే ఆస్‌గుడ్ ఒకటే నవ్వు. "ముసలాడా, నీ బంతి చూశాక, వయసు కోసం గుర్రానికి చూసినట్టు ఎవడూ నీ పళ్లు పట్టి చూడడులే!" అన్నాడు.

ఆ మనిషి మనింటికొచ్చి కనుక్కుంటాడట. అమ్మ బైబిల్ దాచెయ్యమని మొన్న నీకు రాశాను. దాచకు. అమ్మ మన పుట్టినరోజులు రాసిన పేజీ తీసి ముందు పెట్టు. నలభై ఒకటని చదువుకోనీ.

ఇరవై ఏళ్లు బస్సులో పడుకుని, హోటళ్ల వెనక గుమ్మం దగ్గర నిలబడి తిని, బంతులు విసిరాను. ఆ పెద్ద జట్లవాళ్లు నన్ను రానివ్వని ఆ ఏళ్లను ఇప్పుడు నా చేత్తో నేనే చెరిపేసుకోవాలా? కావాలంటే వాటితో సహా తీసుకోమను. వద్దంటే, ఆదివారం మెంఫిస్‌లో మా జట్టుతో నాకు ఆటుంది.

నీ తమ్ముడు