పద్నాలుగో ప్రశ్న

మార్చి 11, మంగళవారం
ఆఫీసు క్యాంటీన్, మధ్యాహ్నం

లెక్చరరమ్మ గారికి,

హాస్టల్ మూడో నంబరు గదిలో చలికాలమంతా నీ దుప్పటి లాక్కున్న వాగుడుకాయ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మా ఆయనా, పిల్లా క్షేమం. పిల్ల పళ్లకు తీగ వేయించాం, నవ్వమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నువ్వు మాత్రం క్షేమంగా లేవని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఎంత వాగుడుకాయనైనా నోటితో చెప్పలేనివి కొన్ని ఉంటాయి, అందుకే ఈ కొరియర్.

నెట్‌లో నువ్వు పెట్టిన సర్వే పేజీని మా కంపెనీలో ఏ మెషీను మింగేసిందో కనుక్కోమన్నావు. కొత్త చట్టం వచ్చాక, ఏ పేజీ అసభ్యంగా ఉందని ఎవరు ఫిర్యాదు చేసినా ఇరవై నాలుగు గంటల్లో తేల్చేయాలి. మెషీను పేజీలను ఏరి పెడుతుందంతే. తేల్చేది మేము, ఒకే హాల్లో కూర్చున్న నలభై మందిమి. పేజీకి తొంభై సెకన్లు, మూడు మీటలు: ఉంచు, తీసెయ్, పైకి పంపు. ఉంచకూడనిది ఉంచితే కంపెనీకి జరిమానా, మాకు సంజాయిషీ. ఉంచాల్సినది తీసేస్తే మాత్రం ఎవరూ కిక్కురుమనరు. ఇక చెయ్యి ఎటు పోతుందో నువ్వే చెప్పు. రొమ్ములో గడ్డ ఉందేమో ఎలా చూసుకోవాలో చెప్పే బొమ్మను పోయిన వారం నా పక్క సీటావిడ తీసిపారేసింది. ఆవిడేమీ చెడ్డది కాదు, వాళ్లమ్మ నర్సు.

అలాంటి చోటికి పెళ్లయిన ఆడవాళ్ల పడకగది మీద నలభై ప్రశ్నలు వస్తే ఏమవుతుంది?

సరే, ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, విను. శనివారంతో గడువు అయిపోతుంది. ఆలోగా అప్పీలు చేయకపోతే పేజీతోపాటు ఆ ఎనిమిది వందల మంది జవాబులూ చెరిపేస్తారు. అప్పీలు ఫారం మూడో పేజీలో అట్టడుగున ‘విద్యా పరిశోధన’ అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టు. చదువుకున్న వాళ్లు కూడా అంత కిందిదాకా చూడరు. ప్రశ్నలకు మీ యూనివర్సిటీ కమిటీ ఇచ్చిన అనుమతి కాగితం జత చెయ్యి. ఇదంతా వదిలేసి విద్యార్థుల నిద్ర అలవాట్ల మీద రాసుకుంటానన్నావు చూడు, అది చదివి నాకు ఒళ్లు మండింది. మూడేళ్ల పని నీళ్లపాలు చేస్తావా? ఆ ఆడవాళ్లు నిన్ను నమ్మి చెప్పారే!

ఉంటాను. భోజనం గంట అయిపోవస్తోంది.

ఇట్లు,
నీ వాగుడుకాయ

తా.క.: నీ పేజీని తీసేసింది మెషీను కాదు, నేను. అడుగున నీ పేరు చూసి మురిసిపోతూ చదివాను. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగి, మళ్లీ చదివాను. కలయికలో నొప్పి ఓర్చుకోవడానికి మనసులో అంకెలో, ఎక్కాలో చదువుకుంటారా అని అడిగావు. పెళ్లయిన రెండో ఏడు మీ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆ మాట నీ ఒక్కదానికే చెప్పాను. నా గుట్టు బజారున పెట్టావనుకున్నాను. తెలిసినవాళ్ల పేజీ కనుక ‘పైకి పంపు’ నొక్కి పెద్దవాళ్లకు వదిలేయాల్సింది. ఇంకా ఇరవై సెకన్లు ఉండగానే ‘తీసెయ్’ నొక్కేశాను.

ఆ ప్రశ్నకు అరవై మూడు మంది అవునన్నారని నీ ఉత్తరంలో ఉంది. ఆ ఒక్క ముక్కే ఎన్నిసార్లు చదివానో! పన్నెండేళ్లుగా నేనొక్కదాన్నే అనుకున్నానే.

తప్పు నాదేనని పొద్దున మేనేజరుకు రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సాయంత్రం తెలుస్తుంది. ఆ కాగితం నకలు ఇందులో ఉంది, అప్పీలుకు జత చెయ్యి.

పేజీ తెరుచుకోగానే కబురు పెట్టు. అరవై నాలుగో అవును నాది. నేను చదివేది పదమూడో ఎక్కం.