దోసకాయల్లో మందు లేదని నేనిచ్చిన రిపోర్టు

అయ్యా,

విషయం: కుట్టు ఫ్యాక్టరీ క్యాంటీన్ దోసకాయలపై నేను సంతకం చేసిన రిపోర్టును రద్దుచేసి, పని పోయిన వంటామెకు న్యాయం చేయుట గురించి.

తమ పురుగుమందుల పరీక్షాశాలలో పదహారేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. గత నెల సదరు క్యాంటీన్‌లో పచ్చి దోసకాయ ముక్కలు తిన్న పదకొండుమంది కుట్టుపనివాళ్లకు అరగంటలో వాంతులు, నోట చొంగ, చూపు మసక కలిగినవి. మర్నాటికల్లా అందరూ లేచి తిరిగారు. కార్బమేట్ జాతి పురుగుమందు తీరే అంత. నరాలను పట్టుకుంటుంది, కొన్ని గంటల్లో తనంతట తానే వదిలేస్తుంది. "ఒక్క పూటలో తగ్గిపోతే అదేం విషం, నాటకం" అని మేనేజరు తేల్చేశాడు.

2. మిగిలిన కాయలను వంటామె గుడ్డలో కట్టి తెచ్చి నా చేతిలో పెట్టినది. నమూనాను తక్షణమే ఫ్రీజరులో భద్రపరచవలెనని నిబంధన. ఆ శనివారం సాయంత్రం మా అక్క వస్తోందని బస్టాండుకు పరుగెత్తాను. పరీక్షకని కాయలను రుబ్బిన ముద్ద రెండురోజులు కిటికీ పక్కన బల్లమీదే ఉండిపోయినది. వేడికి ఈ మందు విరిగిపోతుందని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నేనే.

3. సోమవారం పరీక్షిస్తే మందు కనబడలేదు. "కనబడలేదు" అని రాశాను. నమూనా చెడినదని రాయలేదు.

4. ఆ కాగితం చూపి, శుభ్రత లేదంటూ వంటామెను పనిలోంచి తీసేశారు. ఆమె మా ఆఫీసుకొచ్చి, "కాయల్లో ఏం లేదని రాశారంట గదా బాబూ. మరి ఆ పిల్లలు నా చేతి మురికి వల్లే పడిపోయారా?" అని అడిగినది.

"రిపోర్టులో ఉన్నదదేనమ్మా" అన్నాను.

తన చేతులకేసి చూసుకుంటూ వెళ్లిపోయింది. ఆ క్షణాన నా నాలుక పడిపోయినా బాగుండేది.

5. మందు విరిగినా దాని తునకలు మిగులుతాయి. సోమవారం పరీక్షించాక మిగిలితే ఫ్రీజరులో దాచిన ముద్దలో మొన్న వాటికోసం వెతికాను. ఉన్నాయి. ఆ కాగితాలు జతపరచడమైనది.

కావున సదరు రిపోర్టును రద్దుచేసి, ఆమె వంటలో దోషం లేదని ఫ్యాక్టరీకి రాతపూర్వకంగా తెలియజేసి, నాపై తగు చర్య తీసుకొనవలసినదిగా తమరు చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
తప్పు రాసిన టెక్నీషియన్

తా.క.: ఈ అర్జీ ఆమెకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. అంతా విని, "ఆ కాయలొచ్చిన తోటలో ఇంకా కోస్తున్నారా?" అంది. నాకు తెలియక మార్కెట్టుకు వెళ్లి అడిగాను. కోస్తున్నారయ్యా. ఈ పొద్దున కూడా ఆ తోట కాయల బండి ఒకటి దిగింది. నా సంగతి తర్వాత చూడండి. ముందు ఆ తోటకు ఎవరినైనా పంపండి.